వరుసలో పెట్టిన క్యాన్లు

సుజనది తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసే రకం. నందికొట్కూరు సంతలో చిన్నప్పుడే అబ్బిన గుణమది. వంకాయలమ్మే ముసలామె "నేనేమన్నా నీకు శత్రువునా పాపా?" అని నొచ్చుకున్నా లెక్కచేసేది కాదు. కడప శివార్లలోని విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చెప్పడానికి వచ్చాక ఆ గుణానికి సాన పట్టినట్టయింది. కాక ఏమవుతుంది? అక్కడ స్పిరిట్ సీసాలు మూత తీయకుండానే ఆవిరైపోయేవి. డిస్టిల్డ్ వాటర్ ఎవరెవరి ఇళ్ళలోని ఇన్వర్టర్ బ్యాటరీల్లోకో నడిచిపోయేది. అడిగితే అందరూ పాపం పసిపాపల్లా ముఖాలు పెట్టేవాళ్ళు.

అందుకే, ల్యాబుల్లో మిగిలే ప్రమాదకరమైన వ్యర్థాల బాధ్యత ఎవరు తీసుకుంటారని హెడ్డు వీరభద్ర సార్ మీటింగులో అడిగినప్పుడు తక్కినవాళ్ళంతా ఫోన్లలోకి తలలు దూర్చేశారు. అది వచ్చి సుజన నెత్తిన పడింది.

"నీకైతే ఎవరూ టోపీ పెట్టలేరమ్మా," అన్నాడాయన మెచ్చుకోలుగా.

సుజన ఆ మెచ్చుకోలును కూడా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎక్కడో ఏదో ఉందనిపించింది గానీ ఏముందో దొరకలేదు.

పనైతే చిత్తశుద్ధితో చేసింది, అది చెప్పుకోవాల్సిందే. అంతకు ముందు ప్రయోగాల్లో మిగిలిన విషపు నీళ్ళు సగానికి సగం సింకులోకే పోయేవి. ఇప్పుడు ఒక్క చుక్క పోవడం లేదు. ఏ రకానికి ఆ రకం తెల్ల ప్లాస్టిక్ క్యాన్లలో పట్టి, చీటీ అంటించి, బిల్డింగు వెనక షెడ్డులో పెట్టి తాళం వేయించింది. వాటిని తీసుకుపోయి పద్ధతి ప్రకారం నాశనం చేసే కంపెనీ లారీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. అప్పటిదాకా షెడ్డు తాళంచెవి సుజన బ్యాగులోనే. రబ్బరు గ్లవ్స్ కూడా ఆమె బీరువాలోనే. అడిగితే ఇచ్చేది, సాయంత్రం తిరిగి తీసుకునేది. మంచి గ్లవ్స్ బయట వేలాడదీస్తే తెల్లారేసరికి ఎవరింట్లోనో అంట్లు తోముతాయని ఆమె నమ్మకం.

ఆ షెడ్డు పని చేసే అటెండరు పేరు యేసుప్రసాద్. మైదుకూరు దారిలో ఉన్న పల్లె నుంచి టీవీఎస్ బండి మీద వచ్చిపోతాడు. నెమ్మదైన మనిషి. అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకుంటాడు. గట్టిగా వాదించేవాళ్ళతో సుజనకు ఇబ్బంది లేదు, వాళ్ళ కడుపులో ఏముందో నోట్లోంచే బయటపడుతుంది. ఈ నెమ్మదైన వాళ్ళతోనే ఆమెకు పేచీ.

ఆ వేసవి మహా పాడు వేసవి. క్యాంపస్‌లో బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరు నీళ్ళే దిక్కయ్యాయి. అట్లాంటి రోజుల్లో కంపెనీవాళ్ళు ఒక నీలం డ్రమ్ము పంపి, పాదరసం కలిసిన వ్యర్థమంతా అందులోకి ఒంపి ఉంచమన్నారు. లారీ వచ్చి డ్రమ్మునూ ఖాళీ క్యాన్లనూ కలిపి తీసుకుపోతుందన్నారు. సుజన ఆ పొద్దున పరీక్ష పేపర్లు దిద్దడానికి పోయి ఉంది. ఎవరి చేతో షెడ్డు తాళంచెవి పంపి, పని కానిచ్చేయమని యేసుప్రసాద్‌కు ఫోన్లో చెప్పింది.

తిరిగొచ్చేసరికి ఒంపడం అయిపోయింది. డ్రమ్ముతో షెడ్డు నిండిపోయింది. ఖాళీ క్యాన్లు ఆరు, చీటీలు తడిసి ఊడిపోయి, తలుపు దగ్గర పడి ఉన్నాయి. వాటిని ఇక్కడే వదిలేస్తే సాయంత్రానికి ఒకటో రెండో టీవీఎస్ ఎక్కుతాయని సుజనకు తోచింది.

"ఇవి గేటు కాడ గోడ వారగా వరుసగా పెట్టు. మద్దిలేటి కుర్చీకి ఎదురుగా. ఆయప్ప కండ్ల ముందర ఉంటాయి," అన్నది.

యేసుప్రసాద్ వాటిని ఎత్తుకున్నాడు. తీసుకుపోయి పెట్టాడు. మద్దిలేటి గేటు వాచ్‌మన్. మధ్యాహ్నానికి వస్తానన్న లారీ రాలేదు. మర్నాడు పొద్దున సుజన వచ్చి చూస్తే ఆరు క్యాన్లలో మూడే ఉన్నాయి.

ఆమెకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వచ్చింది. ఈ సీమలో మూత బిగువుగా ఉన్న తెల్ల క్యాను దొరికితే ఎవరైనా దాంట్లో పోసుకునేది నీళ్ళే. పాదరసం ఉప్పుకు రంగుండదు, వాసనుండదు. క్యాను అడుగున మిగిలిన తడి చాలు. ఆ నీళ్ళు నాలుగు రోజులు వరుసగా తాగినవాళ్ళ మూత్రపిండాలు ఏమవుతాయో ఆమె ఏటా పిల్లలకు పాఠం చెబుతుంది. ఎవరింట్లోనో ఎవరో ఈపాటికి గ్లాసు ముంచుకుంటూ ఉంటారు.

"మద్దిలేటీ, క్యాన్లు ఎవరెత్తుకపోయినారు?"

"ఎవరూ ఎత్తుకపోలేదు మేడమ్. నేను నిన్నంతా ఈడనే ఉండా. దొంగతనానికి ఎవరూ రాలే."

"మరి ఎగిరిపోయినాయా? ప్రసాద్ ఎప్పుడు పోయినాడు?"

మద్దిలేటి కాస్త ఆలోచించాడు. "నిన్న పెందరాళే పోయినాడు మేడమ్. బండెనక గోతం కట్టుకున్నెట్టుండాది."

ఇంకేం కావాలి? సుజన మనసులో తీర్పు ఆ క్షణమే అయిపోయింది. ఇక మిగిలింది ఒప్పించడమే.

మిగిలిన మూడు క్యాన్లనూ తన గదిలో పెట్టి తాళం వేసి, ల్యాబుకు పోయింది. యేసుప్రసాద్ బల్లలు తుడుస్తున్నాడు. ఎడం చేత్తో తుడుస్తున్నాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"క్యాన్లు యాడ ప్రసాద్?"

"నాకెట్ల తెలుస్తాది మేడమ్? మీరు పెట్టమన్న కాడ పెట్టినా."

"నిన్న ముందుగానే ఎందుకు పోయినావు?"

"ఇంటికాడ పనుండె."

"గోతంలో ఏముండె?"

"మెస్సులో కూరగాయల తొక్కలు. మేకలకు."

అన్నింటికీ జవాబుంది. అదే సుజనకు నచ్చలేదు. పైగా మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు, కళ్ళు బల్ల మీంచి పైకి లేవలేదు. "ఆ క్యాన్లలో నీళ్ళు తాగితే మనుషులు సస్తారప్పా, తెల్సా?" అన్నది గొంతు పెంచి. "తెలుసు మేడమ్" అన్నాడతను, అంతే నెమ్మదిగా. తెలిసీ తీసుకుపోయిన మనిషి ఎంతకైనా తెగిస్తాడనుకొని ఆమె నేరుగా హెడ్డు గదికి పోయింది.

వీరభద్ర సార్ వేరే రకం. "ఖాళీ క్యాన్ల కోసం ఇంత రగడ ఎందుకమ్మా? పేపరోళ్ళ చెవిన పడిందంటే మనందరి పరువు పోతుంది. కొత్తవి నాలుగు తెప్పిస్తా, ఊరుకో," అన్నాడు. ఆయనకూ ఇందులో ఏమైనా వాటా ఉందా అని ఒక్క నిమిషం సుజనకు అనుమానం తగిలింది. ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లలో ప్రొఫెసరుకు వాటా ఏమిటని తనకే అనిపించి వదిలేసింది. అయినా పూర్తిగా వదల్లేదు.

మర్నాడు యేసుప్రసాద్ పనికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. సుజన క్లాసు వదిలేసి స్కూటీ తీసింది.

మైదుకూరు రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డుకు ఎడమ వైపు పల్లె, పల్లెకు ఆ చివర చర్చి, చర్చి చుట్టూ ఇళ్ళు. యేసుప్రసాద్ ఇల్లు అడగంగానే చూపించారు. వాకిట్లో అతని భార్య జ్ఞానమణి మేకలకు తొక్కలు వేస్తోంది. తొక్కల మాట నిజమేనన్నమాట. దొంగలు ఒక నిజం కలిపే అబద్ధం చెబుతారులే అనుకుంది సుజన. అంతలో వరండాలో ఆమె కంటికి కావాల్సింది కనబడింది. అరుగు మీద తెల్ల క్యాను. దాని మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

"ఆ క్యాను యాడిదమ్మా?"

జ్ఞానమణి మనిషెవరో తెలియక తడబడింది. "మాదే మేడమ్. మైదుకూరులో కొన్నాం."

"ఎప్పుడు?"

"శానా దినాలాయ."

"అబద్ధాలాడొద్దు. పిల్లలు తాగినారా ఇందులో నీళ్ళు?"

"తాగుతాండారు. తాగే నీళ్ళే గదా అవి."

ఇక సుజన ఆగలేదు. చెప్పులతోనే వరండా ఎక్కి, క్యానును రెండు చేతులా పట్టి వాకిట్లోకి గుమ్మరించింది. నిండు క్యాను. నీళ్ళు మట్టిలో బుడగలు లేపుకుంటూ మేకల కాళ్ళ సందుల్లోంచి వీధిలోకి పారాయి. పక్కింటి వాళ్ళు బయటికొచ్చారు. ఆ వీధిలో నీళ్ళు కింద పారడం చూసి ఎన్నాళ్ళయిందో, ఒకావిడ "అయ్యో అయ్యో" అంటూ పాత్ర పట్టుకొని పరిగెత్తుకొచ్చి నిలబడిపోయింది.

జ్ఞానమణి అరవలేదు. "రేపు పొద్దుగాల దాకా అవే మేడమ్ మాకు," అన్నది.

సుజన ఖాళీ క్యానును వెలుతురుకు పట్టి లోపలికి చూసింది. లోపల చుట్టూ తెల్లగా ఉప్పు చార పేరుకొని ఉంది. ఈ ప్రాంతపు బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే గానీ పేరుకోనంత మందం. కింద కొళాయి కూడా బిగించి ఉంది, అదీ పాతదే, తుప్పు పట్టింది. ల్యాబు క్యాన్లు పోయినేడు కొన్నవి. వాటికి కొళాయి లేదు. ఆమె చేతుల్లో ఉన్నది జ్ఞానమణి మైదుకూరులో కొన్న క్యానే.

ఆ సడికి యేసుప్రసాద్ లోపలి నుంచి వచ్చాడు. కుడి చేతికి తెల్ల గుడ్డ చుట్టి ఉంది. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కి పచ్చగా చీము పట్టి కనబడుతున్నాయి.

"ఏమైంది చేతికి?"

"ఆ పొద్దు ఒంపేటప్పుడు మీద పడె మేడమ్. యాసిడ్ కలిసింది గదా."

"గ్లవ్స్ వేసుకోలేదా?"

అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "గ్లవ్స్ మీ బీరువాలో ఉండె. మీరేమో పేపర్లు దిద్దను పోయింటిరి. ఒంపేసెయ్ అంటిరి."

"చెప్పొచ్చు గదప్పా!"

"చెప్తే గ్లవ్స్ యాడ అమ్ముకున్నావంటారని చెప్పలే."

నిజంగా సుజన అదే అనేది. ఆ మాటే, అదే గొంతుతో. తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఆసుపత్రికి పోదాం రమ్మంటే అతను తరువాత చూద్దాంలెమ్మన్నాడు. వీధి వీధంతా చూస్తుండగా ఆమె తడి మట్టి తొక్కుకుంటూ బండి దగ్గరికి నడిచింది.

కానీ క్యాన్లు ఇంకా ఎక్కడో ఉన్నాయి. దొంగ ఇతను కాకపోతే మరొకడు. ఆ రాత్రి నిద్రలో కూడా ఆమెకు మెస్సు వంటవాడు, తోటమాలి, తుక్కు కొనేవాడు ఒక్కొక్కరుగా క్యాన్లు మోసుకుంటూ పోయారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి మద్దిలేటిని మళ్ళీ నిలదీయబోతుంటే ట్యాంకరు వచ్చింది. హారన్ వినబడగానే గార్డులు, మెస్సు వాళ్ళు, స్వీపర్లు తలో బిందె, తలో క్యాను తెచ్చి గోడ వారగా వరుసలో పెట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరూ అక్కడ నిలబడలేదు. నిలబడాల్సిన పని లేదు. వరుసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ బిందెను ఎవరూ పక్కకు జరపరు, ఆ వరుసను ఎవరూ దాటరు. సుజన నందికొట్కూరులో పరీక్షలకు చదువుకున్నదంతా అట్లా వరుసలో బిందె పెట్టి వచ్చి చదువుకున్నదే. ట్యాంకరు గిడ్డయ్య పైపు పట్టుకొని, ఎవరిది ఏదని అడగకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి నింపుకుంటూ పోయాడు.

తను ఆరు క్యాన్లు పెట్టించింది కూడా ఆ గోడ వారనే, ఆ వరుసలోనే. సుజన గబగబా ట్యాంకరు దగ్గరికి నడిచింది.

"గిడ్డన్నా, పోయినసారి వచ్చినప్పుడు ఈడ తెల్ల క్యాన్లు ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్. ఈ చివరన వరుసగా పెట్టింటిరి. పట్టినా. మూడు నింపేతలికి ట్యాంకరు అయిపాయ."

"ఎవరివని అడగలేదా?"

గిడ్డయ్య వింతగా చూశాడు. "వరుసలో ఉన్నాయి గద మేడమ్."

మద్దిలేటి అప్పటికే లేచి నిలబడ్డాడు. "అవి... మీ ఖాళీ క్యాన్లేనా మేడమ్ అవి? నీళ్ళతో నిండుగా ఉన్నాయి గదా. ఎవరో నీళ్ళకు పెట్టినారనుకున్నా. సాయంత్రం దాంకా ఎవరూ రాలే. ఎండకు కాగుతాండాయని కొత్త హాస్టలు కడతాండే కూలోళ్ళకు నేనే ఇచ్చినా. ఎవరెత్తుకపోయినారని మీరడిగితిరి. ఎవరూ ఎత్తుకపోలే అని చెప్తి."

కొత్త హాస్టలు క్యాంపస్‌కు ఆ చివర. సుజన స్కూటీ తీయడం కూడా మరిచిపోయి పరిగెత్తింది. కట్టడం నీడలో రేకుల గుడిసెలు. పడమటి కర్నూలు పల్లెల నుంచి వచ్చిన కూలీలు. గుడిసె ముందు వెంకటేశ్వరమ్మ అనే ఆమె రాళ్ళ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. మూడు క్యాన్లూ ఆమె వెనక నీడలో ఉన్నాయి. రెండు ఖాళీ. మూడోది సగం.

"తాగినారా ఈ నీళ్ళు?"

"తాగకుంటే? మూడు దినాల నుంచి ఇవే," అన్నది వెంకటేశ్వరమ్మ నవ్వుతూ. "ఇంత తియ్యటి నీళ్ళు మా ఊర్లో యాడ సిక్కుతాయి మేడమ్?"

సుజన పొయ్యి మీద సంగటి దించేసింది. చెప్పడం మొదలుపెట్టింది గానీ మాటలు తిన్నగా రాలేదు. పాదరసం అంటే ఏమిటని వాళ్ళడిగారు. విషం అని ఆమె చెప్పింది. వెంకటేశ్వరమ్మ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయి, తరువాత మెల్లగా పోయింది.

యూనివర్సిటీ బస్సులో అందరినీ కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పోతూ పోతూ సుజన పల్లె వైపు జీపు పంపించి, యేసుప్రసాద్‌ను కూడా పిలిపించింది. ఈసారి అతను కాదనలేదు. డాక్టరు అందరి రక్తం తీయించాడు. నీళ్ళలో కలిసిన విషం కొద్దిగానే కాబట్టి ప్రాణానికి భయం లేదన్నాడు. కానీ వెంకటేశ్వరమ్మ కాళ్ళలో అప్పటికే కాస్త వాపుంది. అది దీనివల్లో కాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. కొన్ని నెలలపాటు పరీక్షలకు వస్తూ ఉండాలన్నాడు. కూలికి వచ్చిన మనిషి నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగాలన్న మాట విని సుజన వరండాలో కూలబడి ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనని కూడా చూసుకోలేదు.

వీరభద్ర సార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. క్యాన్లు అక్కడ వరుసలో పెట్టింది యేసుప్రసాదే కదా. తన చేత్తోనే పెట్టినాడు. రిపోర్టులో అంతే రాయి. అబద్ధం కూడా కాదు. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, గుర్తుపెట్టుకో."

ఆ మాట తియ్యగానే వినబడింది, దాచడమెందుకు. ఒక్క వాక్యం రాస్తే చాలు. యేసుప్రసాద్ వాదించడు కూడా. అతను అదే వరండాలో ఆ చివర, చేతికి కొత్త కట్టుతో, గోడకానుకొని కూర్చుని ఉన్నాడు. అడిగితే జవాబు చెబుతాడు, అడక్కపోతే ఊరుకుంటాడు.

"పెట్టింది ఆయప్పే సార్," అన్నది సుజన. "పెట్టమన్నది నేను. ఆయప్ప మీద నమ్మకం లేక పెట్టమన్నా. అది కూడా రాస్తా."

ఆయన ఆమె వైపు ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి లేచిపోయాడు. మర్నాడే సంజాయిషీ అడుగుతూ ఆమెకు మెమో వచ్చింది. జవాబులో చెప్పినట్టే రాసింది. ఏమవుతుందో ఇంకా తేలలేదు. ఈలోగా షెడ్డు గోడకు గ్లవ్స్ వేలాడదీయించింది. ఖాళీ అయిన ప్రతి క్యానుకూ కాల్చిన ఇనుప చువ్వతో అడుగున చిల్లులు పొడిచాకే బయటపెట్టాలన్నది కొత్త పద్ధతి. గ్లవ్స్ ఒక్క జత కూడా పోలేదు.

ఆదివారం కడపలో కొత్త క్యాను కొని, ప్లాంటులో మంచి నీళ్ళు పట్టించి, స్కూటీ ముందు పెట్టుకొని సుజన పల్లెకు పోయింది. చర్చి అప్పుడే వదిలారు. జ్ఞానమణి తెల్ల చీరలో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని ఇంటికి వస్తోంది. యేసుప్రసాద్ వాకిట్లో మంచం వాల్చి, "కూర్చోండి మేడమ్," అన్నాడు. సుజన కూర్చోలేదు.

"ఆ దినం నేను చేసింది తప్పమ్మా," అన్నది జ్ఞానమణితో. "మీ నీళ్ళు పారబోసినా. ఊరందరి ముందర మిమ్మల్ని దొంగల్ని చేసినా. క్షమించమని అడిగేదానికి వచ్చినా."

"సర్లే మేడమ్. అయిపోయిందేదో అయిపోయింది," అన్నది జ్ఞానమణి. ఆమె కళ్ళు మాత్రం స్కూటీ మీదున్నాయి. "ఆ క్యాను యాడిది?"

"కొత్తదమ్మా. కడపలో కొన్నా. మంచినీళ్ళు, ప్లాంటులో పట్టించినా. మీకోసమే."

సుజన క్యాను దించి, వరండా అంచున పెట్టి, మూత తీసింది. తన బ్యాగులోని గ్లాసు తీసి ముంచుకొని, వాళ్ళ ముందే గటగటా తాగింది. రెండో గ్లాసు కూడా తాగింది. పిల్లల్లో చిన్నది దాహం వేసిందేమో క్యాను వైపు రెండడుగులు వేసింది. జ్ఞానమణి దాని రెక్క పట్టి వెనక్కి లాగింది.

"మీరు మంచోళ్ళే మేడమ్," అన్నది. "మీ మాట అబద్ధమని నేను అనను. అయినా పిల్లలుండే ఇల్లు. మాకొద్దులే."

యేసుప్రసాద్ ఏదో అనబోయి భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. జ్ఞానమణి క్యాను మూత బిగించి, రెండు చేతులా ఎత్తి, వాకిలి దాటించి స్కూటీ మీద పెట్టింది. తిరిగొచ్చి, తొట్టిలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకొని, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.